ఒకే మాయ ఉన్న కవలలు: లేజర్ చేయించుకోవాలా?

ప్రశ్న: మాది హిందూపురం, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 20వ వారం, కవలలు, ఇద్దరికీ ఒకే మాయ అన్నారు. మొన్న స్కాన్‌లో ఒక బిడ్డ చుట్టూ ఉమ్మనీరు బాగా ఎక్కువైందని, రెండో బిడ్డకు దాదాపు లేదని, ఆ బిడ్డ మూత్రాశయం కూడా కనిపించడం లేదని చెప్పి వెంటనే లేజర్ చేయాలంటున్నారు. మా అత్తగారేమో కడుపులో బిడ్డలకు ఆపరేషనేంటి, ఊరికొచ్చి నెల రోజులు పడుకుంటే అదే సర్దుకుంటుందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఊరి ప్రయాణం ఆపేయండి. ఇది విశ్రాంతితో తగ్గేది కాదు, మీరు ఏదో తిన్నందువల్లో మెట్లెక్కినందువల్లో వచ్చిందీ కాదు. మాయ ఒకటే అయినప్పుడు ఇద్దరి రక్తనాళాలూ దాని మీద కలిసి ఉంటాయి, వాటిలోంచి ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా వెళ్లిపోతుంటే ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి ఉమ్మనీరు ఇంకిపోతుంది, తీసుకునే బిడ్డ గుండె మీద భారం పడుతుంది. ఇలాంటి కవలల్లో నూటికి 10 నుంచి 15 మందికి ఇలా అవుతుంది. మూత్రాశయం కనిపించలేదంటే ఈ సమస్య కనీసం రెండో దశకు వచ్చినట్టు. ఇప్పుడు వదిలేస్తే ఇద్దరూ దక్కకపోయే ప్రమాదం చాలా ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

లేజర్ అంటే బిడ్డల ఒంటిని కోస్తారనుకోకండి. 2, 3 మిల్లీమీటర్ల సన్నని గొట్టాన్ని మీ పొట్టలోంచి గర్భసంచిలోకి పంపి, కెమెరాలో చూస్తూ మాయ మీద ఇద్దరినీ కలిపే నాళాలను మాత్రమే మూసేస్తారు, తర్వాత ఎక్కువైన ఉమ్మనీరు తీసేస్తారు. సాధారణంగా 16 నుంచి 26 వారాల మధ్య చేస్తారు కాబట్టి మీకు సమయం మించిపోలేదు.

భయం లేదని మాత్రం చెప్పను. ఉమ్మనీటి సంచి ముందే చిట్లవచ్చు, నెలలు నిండకుండా కాన్పు రావచ్చు, ఒక బిడ్డ దక్కకపోవచ్చు కూడా. కానీ 2004లో వచ్చిన యూరప్ పరిశోధనలో, కనీసం ఒక బిడ్డ పుట్టాక 28 రోజుల వరకూ బతికినవాళ్లు లేజర్ చేసినవారిలో 76 శాతం, నీరు మాత్రమే తీసినవారిలో 56 శాతం.

మొదటి నుంచి తీసిన స్కాన్ రిపోర్టులన్నీ పట్టుకుని ఈ రోజే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ (కడుపులోని బిడ్డలకు వైద్యం చేసే నిపుణులు) దగ్గరికి వెళ్లండి. ఇలాంటివి ఎన్ని చేశారో, నెలలు నిండని పిల్లల ఐసీయూ అక్కడే ఉందో లేదో, ఖర్చెంతో మొహమాటపడకుండా అడగండి. ఈలోగా పొట్ట ఒక్కసారిగా బిగుసుకున్నా, ఊపిరాడకపోయినా, నీరు కారినా అర్ధరాత్రైనా బయల్దేరండి. అత్తగారినే బెంగళూరు రమ్మనండి, లేజర్ తర్వాత వారం వారం స్కాన్‌కు తిరగాలి, ఇంట్లో మనిషి తోడు కావాలి.