ఓఆర్ఆర్ మీద కారు తేలుతోందా? స్ప్రింగులు కొనే ముందు గాలి చూసుకోండి

మీ ప్రశ్న ఇది: తొమ్మిదేళ్ల హ్యాచ్‌బ్యాక్, ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద 100 దాటగానే ముందు భాగం తేలుతున్నట్టుంది, స్టీరింగ్ ఎడమకి లాగుతోంది, కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద టక్ టక్‌మని శబ్దం వస్తోంది, ఎత్తు తగ్గించే స్ప్రింగులు, వెడల్పు టైర్లు వేయిస్తే సెట్ అవుతుందని ఫ్రెండ్ చెప్పాడు, వేయించాలా? వద్దు. కనీసం ఇప్పుడు వద్దు. అరిగిన బుష్‌ల (చక్రాల దగ్గర కీళ్లలో ఉండే రబ్బర్ల) మీద గట్టి స్ప్రింగులు వేస్తే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది, పైగా మన కాలనీల్లో స్పీడ్ బ్రేకర్ల ఎత్తు ఎంతుంటుందో మీకు తెలియనిది కాదు.

నాకూ దాదాపు ఇదే కథ. మేముండేది హయత్‌నగర్, ఆఫీసు గచ్చిబౌలి, వారానికి మూడు రోజులు పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి వెళ్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ బండి. సిటీలో బాగానే ఉండేది, ఓఆర్ఆర్ మీద పక్క నుంచి పెద్ద కంటైనర్ లారీ వెళ్తే చాలు రెండు చేతులతో స్టీరింగ్ బిగబట్టుకోవాల్సి వచ్చేది. మా ఆవిడ ఒకసారి శంషాబాద్ దాకా వచ్చి, తిరుగు ప్రయాణంలో నేను క్యాబ్‌లో వస్తానంది. అప్పుడు పట్టుకున్నాను దీని సంగతి.

మొదట గాలి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను, చాలామంది ఇదే చేస్తారు. నా బండికి డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీద 33 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) అని ఉంది. మే నెలలో ఓఆర్ఆర్ దిగి నేరుగా బంకులోకి వెళ్లి చెక్ చేయిస్తే 38 చూపించింది. గాలి కొట్టే అబ్బాయి ‘ఎక్కువుంది సార్’ అని 33కి తగ్గించాడు, నేను థాంక్స్ చెప్పి పది రూపాయలు ఇచ్చి వచ్చాను. మర్నాడు పొద్దున చిన్న గేజ్‌తో చూస్తే 28. స్టిక్కర్ మీద రాసేది చల్లటి టైరు లెక్క. అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, ఎండ తగలకుండా ఉంటే ఇంకా మంచిది. బండి నడుస్తుంటే టైరు వేడెక్కి ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది, ఆ పెరుగుదలని కూడా లెక్కలోకి తీసుకునే కంపెనీ ఆ అంకె ఇస్తుంది. వేడి మీద ఎక్కువ కనిపించిందని గాలి తీయించకండి. అలా తీయిస్తూ నేను నెలల తరబడి 28 మీద తిరిగాను. టైరు పక్కగోడ మెత్తబడి, స్టీరింగ్ తిప్పాక అర సెకను ఆలోచించుకుని తిరిగేది బండి. తేలుతున్నట్టు అనిపించడంలో సగం ఇదే.

వాతావరణం కూడా చూసుకోండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. మన దగ్గర డిసెంబర్ పొద్దున 15 డిగ్రీలు, మేలో మధ్యాహ్నం 40 పైన. ఎండాకాలంలో సరిచూసి మర్చిపోతే చలికాలానికి మూడు నాలుగు పీఎస్ఐ తగ్గి ఉంటుంది, టైర్లోంచి నెలనెలా సహజంగా కారిపోయేది దీనికి అదనం. అందుకే సొంత గేజ్ కొనుక్కోండి, నేను కొన్నది ఐదొందల లోపే. బంకుల్లో మెషీన్లు ఒక్కోటి ఒక్కో మాట చెప్తాయి. టైరు మీద మ్యాక్స్ అని అచ్చు వేసి ఉండే అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ కారుకి కొట్టాల్సింది కాదు, ఆ రెండూ కలిపేయకండి. నైట్రోజన్ గురించి అడుగుతారేమో, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఫ్రీగా కొడతామంటే కొట్టించుకోండి.

స్టిక్కర్ అంకె దగ్గర సరిగ్గా పెట్టాక, కావాలంటే ముందు టైర్లకి 2 పీఎస్ఐ ఎక్కువ పెట్టి ఒక వారం నడిపి చూడండి. ముందు చక్రాలతో నడిచే బండిలో ఇంజిన్ బరువంతా ముందే ఉంటుంది కాబట్టి స్టీరింగ్ కాస్త చురుకవుతుంది. అంతకు మించి పెంచితే టైరు మధ్యలో ఉబ్బి రోడ్డుని తక్కువ పట్టుకుంటుంది, వానలో బ్రేక్ వేసినప్పుడు తేడా తెలుస్తుంది, గుంతల దెబ్బలన్నీ నేరుగా నడుముకి తగులుతాయి. నేను 40 దాకా పెట్టి చూశాను, అనంతగిరి వంపుల్లో సరదాగానే ఉంది కానీ వికారాబాద్ నుంచి తిరిగొచ్చేసరికి పళ్లు కదిలినంత పనయింది. ఇప్పుడు ముందు 35, వెనక 33. ఐదుగురు లగేజీతో సహా ఊరెళ్తే వెనక పెంచుతాను, స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి వేరే అంకె ఉంటుంది చూడండి.

ఒకసారి టైర్ల మీద చెయ్యి పెట్టి తడమండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ, ఒక అంచే అరిగినా, రంపం పళ్లలా చేతికి తగిలినా అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల అమరిక, పోయినట్టు. అక్కడక్కడా గుంటలు గుంటలుగా ఉంటే షాకర్లని (బండి ఊపుని అణిచే షాక్ అబ్జార్బర్లని) అనుమానించండి.

ఇక నా డబ్బు బాగా పోయింది అలైన్‌మెంట్ దగ్గరే. ఎడమకి లాగుతోందని ఒక ఏడాదిలో మూడుసార్లు చేయించాను. చేయించిన రోజు బాగుంటుంది, నెలకి మళ్లీ మొదటికి. చివరికి వనస్థలిపురం దగ్గర ఒక చిన్న షెడ్డు మెకానిక్ చక్రం కిందికి దూరి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) బుష్ దగ్గర రాడ్ పెట్టి ఊపి చూపించాడు. రబ్బరు చీలి, ఆర్మ్ ముందుకీ వెనక్కీ కదులుతోంది. ‘అలైన్‌మెంట్ మీద అలైన్‌మెంట్ చేయిస్తే ఏమొస్తది సార్, ముందు ఈ రబ్బరు చూడుండ్రి’ అన్నాడు. బుష్ కదులుతుంటే బ్రేక్ వేసిన ప్రతిసారీ చక్రం దిశ మారుతుంది, ఆగి ఉన్న బండికి మెషీన్ మీద ఎంత సరిచేసినా రోడ్డెక్కగానే అది నిలవదు. కాబట్టి ముందు గాలి, తర్వాత అరిగిన భాగాలు, అన్నిటికన్నా చివర అలైన్‌మెంట్. ఈ వరుస తిరగేస్తే నాలాగే మూడు బిల్లులు కడతారు.

మీరు చెప్పిన టక్ టక్ ఎక్కువగా లింక్ రాడ్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న రాడ్) అయి ఉంటుంది. నెమ్మదిగా వెళ్తూ ఒక పక్క చక్రమే గుంతలో పడ్డప్పుడు వస్తే మొదట దాన్నే చూడమనండి, ఉన్నవాటిలో చవకైన రిపేరు ఇదే. ఆగి ఉండి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే పైనుంచి శబ్దం వస్తే స్ట్రట్ మౌంట్, అంటే షాకర్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచేది. చక్రాన్ని లోయర్ ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింట్, స్టీరింగ్‌కి కలిపే టై రాడ్ ఎండ్ మాత్రం ‘ఇంకో నెల నడిపిద్దాం’ అనుకునే భాగాలు కావు, ఊడితే చక్రం మీ మాట వినదు. షాకర్ మీద ఆయిల్ కారి తడిగా ఉన్నా, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఒకటికి రెండుసార్లు ఊగుతున్నా దాని పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు ఎడమా కుడీ జతగా మార్చండి. రాణిగంజ్‌లో తిరిగితే అన్ని రకాల పార్టులూ దొరుకుతాయి, కానీ బుష్‌ల విషయంలో చవకవాటి జోలికి పోకండి.

ఒక విషయం పనిచేసేవాళ్లకి నిలబడి మరీ చెప్పాలి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు బండి జాకీ మీద గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చీలిపోతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. నాకు మొదటిసారి వేరే చోట వేయించిన బుష్‌లు ఆరు నెలలకే పోయింది ఇందుకే అని తర్వాత తెలిసింది, అప్పటిదాకా పార్టు డూప్లికేట్ అని షాపువాడిని తిట్టుకున్నాను పాపం.

అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ముందూ తర్వాతా ప్రింట్ అడిగి తీసుకోండి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి ముందు చక్రాల టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మాత్రమే సరిచేయగలరు. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) ప్రింట్‌లో ఎర్రగా చూపిస్తుంటే గుంతలో పడి ఏదో వంగిందనో, ఏదో అరిగిందనో అర్థం, మెషీన్‌తో అది పోదు. అన్నీ అయ్యాక కూడా లాగుతుంటే ముందు రెండు టైర్లూ అటుదిటు మార్చి చూడండి, లాగే దిశ మారితే తప్పు టైరుది. టైరు మీద తిరిగే దిశకి బాణం గుర్తు ఉంటే మాత్రం అలా మార్చకండి. నీళ్లు పోవడానికి మన రోడ్లు ఎడమకి వాలుగా ఉంటాయి కాబట్టి కొంచెం ఎడమకి వెళ్లడం మామూలే. స్టీరింగ్ 80, 100 మధ్య మాత్రమే వణుకుతుంటే అది బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా లేదు), బ్రేక్ వేస్తేనే వణికితే డిస్కులు.

వెడల్పు టైర్ల మాట తర్వాత చూద్దాం. మీ టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2318 అంటే 2018లో 23వ వారం. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, అదే సైజులో కొత్తవి వేస్తేనే వేరే బండిలా అనిపిస్తుంది. రేపు పొద్దున బండి తీయకముందు నాలుగు టైర్ల రీడింగులు, ఆ తేదీలు చూసి పెట్టండి, ఏది ముందు చేయించాలో అప్పుడు చెప్తాను. స్టెప్నీ కూడా చూడండి, నాది 11 ఉండేది.