వాచీకి 43 వేలా, ముందు బూట్లకు ఎనిమిది వేలా?

ప్రశ్న: నా వయసు 36. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను, చేతికి నెలకు 58 వేలు వస్తుంది. మావారి జీతంతో ఇంటి రుణం, ఇంటి ఖర్చులు నడుస్తాయి. పిల్లల ఫీజులు, నా చీటీ వాయిదా నా జీతంలోంచి పోగా నెలకు ఏడెనిమిది వేలు మిగులుతాయి. మొత్తం మీద ఇంటి ఖర్చు నెలకు 80 వేలు, పొదుపు ఖాతాలో ఉన్నది 70 వేలు. ఎనిమిది నెలలుగా బీచ్ రోడ్డులో వారానికి 25 కిలోమీటర్లు పరుగెడుతున్నాను. మొదట్లో కొన్న బూట్లు తప్ప దీని మీద ఇంతవరకు పైసా ఖర్చు పెట్టలేదు. ఇంకో అయిదు నెలల్లో జరిగే నేవీ మారథాన్‌లో హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) పరుగెత్తాలని ఉంది. ఈమధ్య ఒక పది కిలోమీటర్ల పోటీలో ఫోన్ 10.3 కిలోమీటర్లని చూపించడంతో, కచ్చితంగా కొలిచే గార్మిన్ ఫోర్‌రన్నర్ 265 వాచీ కొనాలనుకుంటున్నాను. దుకాణంలో 43 వేలన్నారు. ఒకేసారి కడితే 2,500 తగ్గిస్తారట, లేదంటే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. నా లక్ష రూపాయల చీటీ 20 నెలలది, ఇప్పుడు ఎనిమిదో నెల. పాట 15 వేల దగ్గర నడుస్తోంది, పాడుకుందామా అని కూడా అనుకుంటున్నాను. డాలస్‌లో ఉన్న తమ్ముడు సంక్రాంతికి వస్తూ తెస్తానంటున్నాడు. మావారేమో మూడు వేల స్మార్ట్‌వాచీలో కూడా జీపీఎస్ ఉంటుంది కదా అంటున్నారు. వచ్చే నెల జిమ్ సభ్యత్వానికి కట్టాలని 12 వేలు పక్కన పెట్టాను గానీ, పరుగు మొదలుపెట్టాక జిమ్‌కు వెళ్లడమే మానేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో వాచీ గురించి చాలానే రాశారు గానీ, నేను ఆగిపోయింది బూట్ల గురించి మీరు మాటవరసకు రాసిన ఒక్క వాక్యం దగ్గర. వారానికి 25 కిలోమీటర్ల చొప్పున ఎనిమిది నెలలంటే సుమారు 35 వారాలు, అంటే 875 కిలోమీటర్లు. పరుగు బూటు అడుగున ఉండే మెత్తటి నురుగు పొర 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఎక్కడో ఒకచోట పస పోగొట్టుకుంటుందన్నది శిక్షకులు సాధారణంగా చెప్పే లెక్క. పైన బట్ట చెక్కుచెదరకుండా ఉండవచ్చు, కానీ మీ బూట్లను బల్ల మీద పక్కపక్కనే పెట్టి వెనకనుంచి చూడండి. మడమ దగ్గర ఒక పక్కకు ఒరిగినా, బొటనవేలితో నొక్కినప్పుడు అడుగుభాగం చెక్కముక్కలా తగిలినా వాటి పని అయిపోయినట్లే. హాఫ్ మారథాన్‌కు శిక్షణ అంటే దూరం ఇంకా పెరుగుతుంది కాబట్టి, ఈ నెల మిగిలే డబ్బు మొదట వెళ్లవలసింది కొత్త బూట్లకే. ఎనిమిది వేలలో మంచివి దొరుకుతాయి.

ఇది ఒక్క జత బూట్లతో తీరిపోయే ఖర్చు కాదన్నది కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి. ఇప్పటి వేగంతో చూసినా మీరు ఏడాదికి 1,300 కిలోమీటర్లు పరుగెడతారు, అంటే ఏడాదికి రెండు జతలు, 16 వేల రూపాయలు. నాలుగేళ్లకు 64 వేలు. పరుగుకు ఖర్చేమీ ఉండదని అందరూ అంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ని. ఆ నాలుగేళ్లలో వాచీ ఒక్కసారి కొంటే సరిపోతుంది కనుక దానికి ఎంత పెట్టాలన్నది ఈ బూట్ల ఖర్చుతో పోల్చి తేల్చుకోవలసిన విషయమే తప్ప, జీతంలో ఎంత శాతం అన్న లెక్కతో తేలేది కాదు.

ఇక ఆ 10.3 కిలోమీటర్ల సంగతి. మీరు 43 వేలు పెట్టాలనుకుంటున్నది ఆ 300 మీటర్ల కోసమే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పోటీ మార్గాన్ని కొలిచేటప్పుడు, ముందుగా సరిచూసుకున్న కొలత పరికరం బిగించిన సైకిలు మీద, మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, మనిషి పరుగెత్తగల అతి దగ్గరి దారి వెంట వెళ్తారు. దూరం పొరపాటున కూడా తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. మీరు మాత్రం ఆ గీత మీద పరుగెత్తరు. ముందున్నవాళ్లను దాటడానికి పక్కకు జరుగుతారు, నీళ్ల బల్ల కోసం రోడ్డుకు అవతలి వైపు వెళ్తారు, మలుపులో గుంపుతో పాటు బయటి వైపు తిరుగుతారు. దానికి తోడు జీపీఎస్ ప్రతి కొలతలోనూ అసలు చోటుకు రెండు మూడు మీటర్లు అటో ఇటో చూపిస్తుంది కాబట్టి, ఆ చుక్కలను కలిపిన గీత కాస్త వంకర్లు తిరిగి అసలు దారికంటే పొడుగవుతుంది. కనుక పోటీ మార్గాన్ని సరిగా కొలిచి ఉన్నా, ఏ వాచీ పెట్టుకున్నా మీకు 10.1, 10.2 వంటి అంకెలే కనిపిస్తాయి. 43 వేలు ఖర్చు పెట్టాక కూడా 10.00 కనిపించకపోతే మీరు నిరాశ పడతారేమోనని నా భయం.

అయితే ఖరీదైన వాచీలో అదనంగా ఉన్నదేమిటి? మీరు చెప్పిన 265లో రెండు పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) జీపీఎస్ ఉంది. ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి పంపే సంకేతాన్ని మామూలు వాచీ ఎల్1 అనే ఒకే పౌనఃపున్యంలో, అంటే 1575.42 మెగాహెర్ట్జ్‌లో వింటుంది. ఇది ఎల్5 అనే రెండోదాన్ని, 1176.45 మెగాహెర్ట్జ్‌నూ వింటుంది. ఎత్తయిన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి ఆలస్యంగా చేరినప్పుడు, ఏది నేరుగా వచ్చింది, ఏది గోడకు తగిలి వచ్చింది అన్నది తేల్చుకోవడానికి ఈ రెండోది నిజంగా పనికి వస్తుంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో బహుళ అంతస్తుల నడుమ పరుగెత్తేవారు అడిగితే ఆ డబ్బు పెట్టవచ్చనే అంటాను. మీరు పరుగెత్తేది బీచ్ రోడ్డులో. ఒక పక్క కొన్నిచోట్ల హోటళ్లు, అపార్ట్‌మెంట్లు ఉన్నా, రెండో పక్క సముద్రం, పైన ఆకాశం తప్ప అడ్డేమీ లేదు. జీపీఎస్‌కు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. సింహాచలం ఘాట్ రోడ్డులో ఎక్కే అలవాటు చేసుకుంటే కొండ అడ్డు వల్ల కొంత తేడా రావచ్చు, కానీ వారానికి ఒక్కరోజు తేడా కోసం ఇరవై వేలు అదనంగా పెట్టడం నాకు సబబనిపించదు.

నేను విజయవాడలో ఉంటాను. పాత వాచీ ఒకటి పెట్టుకుని తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజి మీద పరుగెత్తి, ఇంటికి వచ్చి మ్యాపు తెరిస్తే నేను కొంతదూరం కృష్ణ నీళ్లలో పరుగెత్తినట్లు ఎర్రగీత ఉండేది. మా ఆవిడ నవ్వేది. అయినా వారం వారం నా వేగం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ఆ వాచీతోనే తెలిసింది, ఎందుకంటే తప్పు ప్రతిరోజూ దాదాపు ఒకే మోతాదులో ఉండేది. అయిదో ఏడు దాని బ్యాటరీ గంటన్నరకు దిగిపోయింది. కొన్న దుకాణానికి తీసుకెళ్తే బ్యాటరీ మార్చడం కుదరదని, పాతది ఇచ్చి కొత్తది తీసుకోమని చెప్పి, పాతదానికి 800 రూపాయలు కట్టారు. అందుకే ఏ వాచీకైనా నాలుగేళ్లకు మించి ఆయుష్షు వేసి లెక్క కట్టకండి.

మీవారి మాటలో సగం నిజం ఉంది. మూడు వేల వాచీల పెట్టెల మీద జీపీఎస్ అని రాసి ఉంటుంది గానీ, చాలావాటిలో ఉండేది ఫోన్‌లోని జీపీఎస్‌ను అరువు తెచ్చుకునే పద్ధతి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తే అవి మీ అడుగులను లెక్కపెట్టి దూరాన్ని ఊహిస్తాయి, అంతే. ఫోన్ ఎలాగూ వెంట ఉండాలంటే మీకు ఇప్పుడున్న ఏర్పాటే చాలు, ఆ మూడు వేలు కూడా దండగే. కొనేముందు దుకాణంవారిని సొంత జీపీఎస్ చిప్పు ఉందా అని సూటిగా అడగండి.

డబ్బు తెచ్చే దారుల్లో చీటీ పాట అన్నిటికంటే చెడ్డది. ఇప్పుడు 15 వేలకు పాడితే మీ చేతికి 85 వేలు వస్తుంది. ఫోర్‌మన్ కమీషన్ అయిదు శాతమే అనుకుంటే చివరిదాకా ఆగినవారికి 95 వేలు వస్తుంది, అంటే పది వేలు వదులుకున్నట్లే. మీకు కావలసింది 43 వేలైతే తక్కిన 42 వేలు ఊరికే పొదుపు ఖాతాలో పడి ఉంటాయి. పైగా పాడుకున్నాక మిగిలిన 12 వాయిదాలకు జామీను అడుగుతారు; ఒక చేతి వాచీ కోసం తోటి ఉద్యోగి చేత సంతకం పెట్టించడం మీకే ఇబ్బందిగా ఉంటుంది.

నో కాస్ట్ ఈఎంఐ అన్న పేరు చూసి మోసపోకండి. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. జరిగేదేమిటంటే, బ్యాంకు వేసే వడ్డీని దుకాణం ముందుగానే ధరలో తగ్గించి చూపిస్తుంది. క్రెడిట్ కార్డు మీద ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ మాత్రం మీ మీదే పడుతుంది. వడ్డీ 16 శాతం అనుకుంటే 43 వేల మీద 12 నెలలకు సుమారు 3,500 అవుతుంది, దాని మీద జీఎస్టీ 630 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199, దానికి జీఎస్టీ కలిపి మరో 235. ఒకేసారి కడితే వచ్చే 2,500 తగ్గింపు పోగొట్టుకుంటారు. వెరసి ఖర్చు లేదన్న ఆ ఈఎంఐకి మీరు పెట్టే ఖర్చు 3,360 రూపాయల పైమాటే. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల మీద అంతకు మించి కూడా పడే వడ్డీ వేరు.

తమ్ముడి సంగతికి వస్తే, సంక్రాంతికి వచ్చే వాచీ మీ పోటీ ముగిశాక గానీ మీ చేతికి రాదు. అమెరికాలో బోర్డు మీద కనిపించే ధరకు డాలస్‌లో 8.25 శాతం అమ్మకపు పన్ను అదనం. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ముందే కంపెనీని అడగాలి. పండక్కి అక్కకు కానుకగా తెస్తానంటే మాత్రం నాకు అభ్యంతరమేమీ లేదు, అది ఆర్థిక సలహా పరిధిలోది కాదు.

మీకు సరిపోయేది ఇరవై వేల శ్రేణిలోని వాచీ. 2021లో వచ్చిన ఫోర్‌రన్నర్ 55నే తీసుకుంటే, అందులో పాటలు ఉండవు, టచ్ తెర ఉండదు, ఒకే పౌనఃపున్యం. కానీ సొంత జీపీఎస్ ఉంది, కంపెనీ లెక్క ప్రకారం దాన్ని వేసి ఉంచితే 20 గంటల దాకా నడుస్తుంది. హాఫ్ మారథాన్ మీకు రెండున్నర గంటలు పట్టినా ఇబ్బంది లేదు. టచ్ తెర లేకపోవడం లోపమనుకోకండి. విశాఖ ఉక్కపోతలో చెమట వేళ్లతో తెర మీద గీసేకంటే బొత్తాం నొక్కడమే మేలు. అది దొరకకపోతే అదే శ్రేణిలో సొంత జీపీఎస్, బొత్తాలు ఉండి, ఏటా చందా అడగని యాప్‌తో వచ్చేది ఏదైనా ఫరవాలేదు. వారానికి మూడుసార్లు చొప్పున లెక్క వేసినా నాలుగేళ్లలో 600 పరుగులు అవుతాయి, పరుగుకు 33 రూపాయలు పడుతుంది.

ఈ నెల మిగిలే డబ్బుతో బూట్లు కొనండి. జిమ్ సభ్యత్వం పొడిగించకండి. ఆ 12 వేలు వాచీ ఖాతాలో మొదటి జమ. తర్వాతి రెండు నెలలు మిగులులోంచి నాలుగేసి వేలు దీనికి, మిగతాది పొదుపు ఖాతాకు వేస్తే, పోటీకి రెండు నెలల ముందే 20 వేలు నగదుగా మీ దగ్గర ఉంటుంది. పొదుపు ఖాతాలోని 70 వేలను మాత్రం ముట్టుకోవద్దు. ఇంటి ఖర్చు 80 వేలున్న కుటుంబానికి అది ఒక్క నెలకు కూడా చాలదు. కనీసం మూడు నెలలకు, 2 లక్షల 40 వేలకు చేరాలి. చీటీ చివర్లో వచ్చే 95 వేలకు ఇప్పుడే ఆ చోటు కేటాయించండి.

వాచీ కొన్నాక బిల్లు, పెట్టె జాగ్రత్త చేసి, వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే 400 మీటర్ల ట్రాక్ ఉన్న మైదానంలో అన్నిటికంటే లోపలి వరుసలో పది చుట్లు తిరిగి చూడండి. నాలుగు కిలోమీటర్లకు వంద మీటర్లు అటూ ఇటూ అయితే మామూలే, అంతకు మించితే మార్చి ఇవ్వమనండి. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి, చెమటకు వాచీ వెనకనున్న చార్జింగ్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. పరుగు నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచిన తర్వాతే చార్జింగ్‌కు పెట్టండి.