ఆదివారం పంచాయితీకి నేను రాను

అబ్బీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగినదానికి జవాబు రాసి పంపుతున్నా. ఫోన్‌లో అయితే మీ అమ్మ పక్కనుంచి అందుకుంటుంది, నా మాట నీ దాకా సగమే వస్తుంది. ఆదివారం ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొని తాడిపత్రికి రమ్మన్నావు, అమ్మాయి పుట్టింట్లో కూర్చొని మాట్లాడి ఆమెను నీతో పంపించమని. నేను రాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మన ఊరి రచ్చకట్ట మీదా, గుంతకల్లు రైల్వే కాలనీలోనూ కలిపి ముప్పై నలభై మొగుడూపెళ్లాల పంచాయితీలు చేసుంటాను. అందుకే నన్ను పిలిచావు. కానీ అక్కడ జరిగేదేమిటి? తప్పెవరిదో తేల్చడం. ఇటు నలుగురు, అటు నలుగురు, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లది న్యాయం. కడకు ఆడపిల్లకు "సర్దుకుపోమ్మా" అనీ, మగవాడికి "బుద్ధిగా ఉండు" అనీ చెప్పి, కాఫీలు తాగి లేస్తాం. మేం పోయాక ఆ ఇద్దరూ ఒకే గదిలో పడుకోవాలి కదా, అప్పుడు ఏం మాట్లాడుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మీ ఇద్దరిదీ తప్పొప్పుల సంగతే కాదు. ఐదో నెలలో గర్భం పోయింది. ఆమె ఏడ్చింది, నువ్వు మూడో రోజే డ్యూటీకి పోయావు. నీకు దిగులే లేదని ఆమె అనుకుంది, ఎంతకాలం ఏడుస్తుందని నువ్వు విసుక్కున్నావు. దీనికి నన్ను ఏం తీర్పు చెప్పమంటావు?

నీకు తెలియని నా సంగతి ఒకటి చెప్తా. 2009లో ఒక రాత్రి గుత్తి వైపు నుంచి గూడ్స్ రైలు నడుపుకుంటూ వస్తున్నా. రెండు దాటింది. హెడ్‌లైట్ వెలుతురులో పట్టాల మధ్య ఒక మనిషి, గళ్ల లుంగీ, చేతిలో స్టీలు చెంబు. హారన్ కొట్టాను, బ్రేకు వేశాను. లోడుతో ఉన్న గూడ్స్ ఆగాలంటే కిలోమీటరు దాకా పడుతుంది, చూసిన చోట ఆగదు. నా తప్పు లేదని ఎంక్వైరీలో రాశారు, నాలుగు రోజులకే మళ్లీ బండెక్కాను. ఆ తర్వాత ఏడాది పాటు ఇంట్లో చెంబు కింద పెట్టిన చప్పుడైతే చాలు, మీ అత్త మీద విరుచుకుపడేవాణ్ని. ఎందుకో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు, నిజంగానే తెలియదు. మీ జేజి నన్ను కసాపురం తీసుకుపోయి నెట్టికంటి ఆంజనేయస్వామి దగ్గర మూడు శనివారాలు నిద్ర చేయించింది. అక్కడ కూర్చున్నంతసేపు మనసు నిమ్మళంగా ఉండేది, ఇంటికొస్తే మళ్లీ మామూలే. గుడికి పోవద్దని నేను అనను, నేనిప్పటికీ పోతా. గుడితో పాటు డాక్టరు కూడా ఉండాలి, అంతే.

తోటి డ్రైవరు ఒకాయన చెప్తే బెంగళూరు పోయాను. పిచ్చాసుపత్రికి పోయాడని కాలనీలో అంటారని మోకాళ్ల నొప్పులకని చెప్పి పోయాను, అదొక నవ్వులాట. అక్కడ వారానికొకసారి, ముప్పావు గంట చొప్పున, ఆ రాత్రినే ముక్కలు ముక్కలుగా చెప్పించారు. మరిచిపొమ్మని ఒక్కరూ అనలేదు. పది పన్నెండు సార్లు చెప్పాక ఆ చెంబు మామూలు చెంబైంది. దీన్ని ట్రామా థెరపీ అంటారు. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతి ఇంకొకటి ఉంది, ఈఎండీఆర్ అంటారు.

తర్వాత మీ అత్తనూ రమ్మన్నారు. ఆమె ఐదు నిమిషాలు మాట్లాడింది. "ఇప్పుడు ఆమె చెప్పింది మీరు తిరిగి చెప్పండి" అన్నారు నన్ను. చెప్పాననే అనుకున్నా. ఆ కౌన్సిలరమ్మ నవ్వి, "మీరు చెప్పింది జవాబు, ఆమె మాట కాదు" అంది. మూడుసార్లు తప్పాను. పాతికేళ్లు కాపురం చేసి పెళ్లాం మాట రెండు వాక్యాలు తిరిగి చెప్పలేని మనిషిని, నేను ఊళ్లో పంచాయితీలు చేస్తున్నా. ఆ రోజుతో మానేశాను.

ఇక నువ్వు చేయాల్సింది. ముందు అమ్మాయి వస్తుందా రాదా అని చూడకుండా నువ్వొక్కడివే పో. ఇద్దరూ కలిసి వస్తేనే పనవుతుందని చాలామంది ఆగిపోతారు. ఒక్కరు మొదలుపెట్టినా ఇంట్లో మాట తీరు మారుతుంది. నిద్ర పట్టక మూడు నెలలైంది అన్నావు, అది నీ ఒక్కడి జబ్బు, దానికి ఆమె సంతకం అవసరం లేదు.

మన అనంతపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోవాలి. కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లోనూ ఉంది. అక్కడ చూసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివినాయన, మందులు రాసేది ఆయనే. థైరాయిడ్, బీ12 పరీక్షలు రాస్తే గొణక్కుండా చేయించు, థైరాయిడ్ తేడా కూడా అచ్చం దిగులులాగే ఉంటుంది. దిగులుకు మందు రాస్తే అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగో రోజే "ఏం లేదు మామా" అని ఫోన్ చేయొద్దు. బాగైందని నీ అంతట నువ్వు ఆపొద్దు కూడా.

మాట్లాడి నయం చేసేవాళ్లు వేరు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబరుందా అని అడుగు, మొహమాటపడకు. కౌన్సిలర్ అని ఎవరైనా బోర్డు పెట్టేస్తున్నారు. మొదటిరోజే జాతకం అడిగేవాళ్లు, "మీ ఆవిడదే తప్పు" అనేవాళ్లు తగిలితే లేచి వచ్చేయ్. ఫీజు, ఎన్నిసార్లు రావాలో ముందే అడుగు. సీబీటీ అనే పద్ధతిలో, మనకు వచ్చే ఆలోచనల్ని పట్టుకొని నిజమా కాదా అని చూడడం నేర్పిస్తారు, ఇంటికి హోంవర్క్ కూడా ఇస్తారు. ఆ నోట్‌బుక్ రాయనివాడికి ఉపయోగం తక్కువ. చిన్నప్పటి నుంచి నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా.

ఇద్దరికీ కలిపి చేసే కౌన్సెలింగ్‌లో మామూలుగా ముందు కలిపి కూర్చోబెట్టి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, మళ్లీ కలుపుతారు. విడిగా చెప్పింది రెండోవాళ్లకు చెప్తారా అని అడిగి తేల్చుకో. బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రిలో దంపతులకూ కుటుంబాలకూ ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. మన పక్కనున్న బళ్లారి జిల్లాలోనే 1980లలో ఆ నిమ్హాన్స్ వాళ్లు మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు నేర్పించి మానసిక వైద్యం చేయించారు, తర్వాత దేశమంతా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టడానికి అదే దారైంది. పల్లెల్లో ఇదంతా మనకెందుకు అనేవాళ్లకు నేనిదే చెప్తుంటా.

ఆసుపత్రి దాకా పోవడానికి సిగ్గుగా ఉంటే ఈ రాత్రే 14416కి ఫోన్ చెయ్, మనసు బాధలకు సాయం చేసే ఫోన్ లైను అది, టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బులుండవు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపించిందా, అప్పుడు పొద్దున్న ఓపీ దాకా ఆగొద్దు. వాళ్లకు ఫోన్ చెయ్, నాకు చెయ్, ఎంత రాత్రైనా. ఆఫీసులో తెలుస్తుందని భయమేమో, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రోగి సంగతి గోప్యంగా ఉంచాలని ఉంది.

ఇంకొకటి, సూటిగానే అడుగుతున్నా. ఆమె మీద చెయ్యి చేసుకున్నావా? చేసుకొని ఉంటే ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్ ఇప్పుడు కాదు, కొట్టిన మనిషి పక్కన కూర్చొని ఏ ఆడపిల్లా నిజం చెప్పదు. నువ్వు విడిగా పోవాలి. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమె దగ్గర ఉండేలా నేనే చూస్తా. నా మేనల్లుడివని నీ వైపు మాట్లాడను.

చెయ్యి చేసుకోలేదంటే, ఆమెకు రెండు ముక్కలు మెసేజ్ పెట్టు. ఇంటికి రమ్మని కాదు. బిడ్డ పోయినప్పుడు నీకేమైందో రాయి. ఆ స్కాన్ కాగితం నీ బీరువాలో ఆఫీసు ఫైళ్ల కింద దాచావని మీ అమ్మ చెప్పింది నాకు, ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియదు.

సోమవారం ఏడింటికల్లా పెద్దాసుపత్రి గేటు దగ్గర ఉంటా, గుంతకల్లులో తెల్లారే బయల్దేరతా. నేను బయట బల్ల మీద కూర్చుంటా, లోపలికి మాత్రం రాను. ఆధార్ కార్డు, పాత రిపోర్టులు ఉంటే తెచ్చుకో. టిఫిన్ తిని రా, అక్కడ ఆలస్యమవుతుంది.

మీ మామ