లావును లావుతో భాగించడం

సందేహం: సైకిల్ పందేలకు సిద్ధమయ్యేవారి చేత కొంతసేపు గట్టిగా తొక్కించి, వచ్చిన వాట్లను బట్టి ఎవరు దేనిలో మేటో తేలుస్తున్నారు. దీన్ని ‘శక్తి పరీక్ష’ అనాలా, ‘బల పరీక్ష’ అనాలా? ‘మీ బలాలను గుర్తించండి’ అని రాయవచ్చునా?

సమాధానం: వాట్లు చెప్పేది సెకనుకు ఎన్ని జౌళ్ల పని జరిగిందన్న లెక్క గనుక, పాఠ్యపుస్తకాల పరిభాషలో అది సామర్థ్యం; పెడలు మీద పాదం నొక్కేది బలం, తొక్కినంతసేపూ ఖర్చయ్యేది శక్తి. ‘సామర్థ్య పరీక్ష’ అంటే శాస్త్రానికి సరిపోతుంది. శక్తి, బలం, సామర్థ్యం మూడూ సంస్కృత పదాలే. వాటికి బదులు ‘సత్తా’ అందామంటే అదీ సంస్కృతమే. అక్కడ దానికి ఉనికి అని అర్థం.

అచ్చతెలుగులో ఇందుకు ‘లావు’ అనే మాట ఉండేది. మొసలి పట్టు విడిపించుకోలేక పోతన గజేంద్రుడు ‘లా వొక్కింతయు లేదు’ అన్నప్పుడు, తాను బక్కచిక్కానని వాపోలేదు, సత్తువ అయిపోయిందన్నాడు. ఆ వెంటనే ‘ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్’ అన్నాడు. ఇరవై నిమిషాలు ఒక్క బిగిని తొక్కి దిగినవారిని అడగండి, ఇంచుమించు ఈ వరుసలోనే చెబుతారు. లావరి అంటే బలశాలి. అంతటి మాటను మనం నడుము కొలతకు దిగజార్చి, ‘లావయ్యావు’ అని ఎగతాళికి వాడుకుంటున్నాం.

వింత ఏమిటంటే, ఈ పరీక్షలో రెండు లావులూ కలుస్తాయి. 20 నిమిషాల సగటులో 95 శాతాన్ని, గంటసేపు నిలబెట్టుకోగల సామర్థ్యంగా అంచనా కడతారు. 70 కిలోల మనిషికి సగటు 280 వాట్లు వస్తే ఆ అంచనా 266; 80 కిలోల మనిషికి 320 వస్తే 304. కిలోకు లెక్కిస్తే ఇద్దరికీ 3.8 వాట్లే, అంటే పాత లావును కొత్త లావుతో భాగించామన్నమాట. నిటారు ఎక్కుడులో ఇద్దరూ దాదాపు జంటగా వెళ్తారు. చదును బాటలో ఎదురయ్యేది ముఖ్యంగా గాలి కనుక, అక్కడ సాధారణంగా 304 వాట్లవాడిదే పైచేయి.

ఇక ‘మీ బలాలు’ అన్న మాట వింటే నాకు కవాతుకు నిలిచిన సాయుధ బలాలు కళ్లకు కడతాయి. మనిషి బలానికి బహువచనం తగిలించడం ఇంగ్లీషు నీడన పెరిగిన అలవాటు. 5 సెకన్ల వాట్లు బాగుంటే ‘చివరి ఉరుకులో గట్టివాడు’ అనండి. 20 నిమిషాలవి, అవీ కిలోకు లెక్కించినవి, బాగుంటే ‘ఎక్కుడులో దిట్ట’ అనండి.

రాతలో ‘సామర్థ్య పరీక్ష’ మేలు. నోటిమాటగా ‘పవర్ టెస్ట్’ అన్నా నేను పేచీ పెట్టను. ‘లావు పరీక్ష’ అనమని మాత్రం సలహా ఇవ్వలేను, ఆ బోర్డు చూసినవారు ముందు తూకం యంత్రం ఎక్కడని అడుగుతారు.