ర్యాంకు మంచిదే, ఆప్షన్ల దగ్గరే తప్పింది

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ, కౌన్సెలింగ్ (ర్యాంకును బట్టి, మనం వరసగా పెట్టుకున్న కాలేజీ, బ్రాంచి ఆప్షన్లలో ఒకదాన్ని కేటాయించే పద్ధతి) అయ్యాక వచ్చే ఉత్తరాల తీరు మారలేదు. సగానికి పైగా "ముందే తెలిసుంటే" అనే మొదలవుతాయి. జరిగిపోయిన కేటాయింపును మేం మార్చలేం. ఇంట్లో రెండో బిడ్డ ఉన్నవారికీ, ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు చదువుతున్నవారికీ పనికొస్తాయని కొన్నింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: తెలంగాణ ఈఏపీసెట్‌లో మా అమ్మాయికి 18 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. "పెద్ద కాలేజీలు పైన పెడితే ఆప్షన్లు వృథా. ఖాయంగా వచ్చేదే ముందు పెట్టండి" అని తెలిసినాయన చెబితే అలాగే చేశాం. మొదటి ఆప్షనే వచ్చింది. తీరా చూస్తే మా కేటగిరీలోనే, మాకన్నా వెనక ర్యాంకు అమ్మాయికి ఇంకా మంచి కాలేజీ వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఆ "తెలిసినాయన" ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. కేటాయింపు ఎలా జరుగుతుందో ఆయనకు తెలియదు, అంతే.

కంప్యూటరు ర్యాంకు వరసన ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ అమ్మాయి వంతు రాగానే ఆమె జాబితాను పైనుంచి కిందికి చూస్తూ పోతుంది. అందరూ పోటీపడే ఓపెన్ సీట్లలోనో, ఆమె కేటగిరీలోనో, అమ్మాయిలకు కేటాయించిన వాటిలోనో సీటు ఖాళీగా ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగిపోతుంది. దాని కింద ఏమున్నా ఇక చూడదు. పైన పెట్టింది దొరకనంత మాత్రాన మీ వంతు పోదు, ర్యాంకు తగ్గదు, వెంటనే కింది ఆప్షన్‌కు వెళ్తుంది. కాబట్టి అందదనిపించిన కాలేజీని పైన పెడితే నష్టం సున్నా. అందేదాన్ని పైన పెట్టి ఆశపడ్డదాన్ని కింద పెడితే నష్టం మీకు జరిగినంత.

లెక్కగా చూద్దాం. నిరుడు మీ కేటగిరీ అమ్మాయిల్లో "క" కాలేజీ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చివరి ర్యాంకు, అంటే సీటు దొరికిన ఆఖరి ర్యాంకు, 16,900, "గ" కాలేజీ ఈసీఈ చివరి ర్యాంకు 19,500 అనుకుందాం. మీ ర్యాంకు 18,400. "క" రాదులే అని "గ"ను పైన పెట్టారు. ఈ ఏడు కంప్యూటర్ సైన్స్ సీట్లు పెరిగి పిల్లలు అటు మళ్లితే, "క" ఈసీఈ 18,900 దాకా దిగి ఉండొచ్చు. కంప్యూటరు మాత్రం "గ" దగ్గరే ఆగిపోయింది. చివరి ర్యాంకు నిరుటి సంగతి చెబుతుంది గానీ ఈ ఏటికి హామీ ఇవ్వదు.

మరి చివరి ర్యాంకుల పట్టిక ఎందుకంటారా? జాబితా ఎక్కడ మొదలై ఎక్కడిదాకా దిగాలో తెలుసుకోవడానికి. ఈఏపీసెట్ వెబ్‌సైట్‌లో చివరి ర్యాంకుల పట్టికలు విడతలవారీగా వేరువేరుగా పెడతారు. మొదటి విడతదీ ఆఖరి విడతదీ రెండూ తీసుకోండి. మీ కేటగిరీ గడే చూడండి, అందులోనూ అమ్మాయిలకూ అబ్బాయిలకూ గడులు వేరు. తొందరలో ఓసీ అబ్బాయిల గడి చూసి బెంబేలెత్తిపోయేవాళ్లు చాలామంది. ఒక రూళ్ల నోటుబుక్కులో కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, రెండేళ్ల చివరి ర్యాంకులు, ఫీజు, ఇంటి నుంచి దూరం రాసుకోండి. పేరు కాదు, కోడే ముఖ్యం. ఒకే యాజమాన్యం కింద పోలిక పేర్లతో మూడు నాలుగు కాలేజీలుంటాయి, పేరు చూసి నొక్కితే ఊరవతల ఉన్న మరో కాలేజీలో పడతారు. 18 వేల ర్యాంకు అయితే 9, 10 వేల దగ్గర ముగిసిన సీట్ల నుంచి మొదలుపెట్టి 40 వేల దాకా దిగడం మంచిది. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు. ఇరవై పెట్టి ఆగిపోయి అసలు సీటే రానివాళ్ల ఉత్తరాలూ మా దగ్గరున్నాయి.

ఇంకో చోట కూడా దెబ్బ తగులుతుంది. మంచి కాలేజీ కదా అని దాని బ్రాంచీలన్నీ వరసగా పెట్టేసి, ఆ తర్వాత రెండో కాలేజీ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పెడతారు. సీటు మొదటి కాలేజీ సివిల్‌లో వస్తుంది, ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. ప్రతి ఆప్షన్ దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదీ, దీని కిందదీ రెండూ వస్తే దేంట్లో చేరతాం? కిందదాంట్లో అన్నది జవాబైతే రెంటినీ తారుమారు చేయాలి.

2025లో తెలంగాణ కౌన్సెలింగ్‌లో అసలు కేటాయింపుకు ముందు మాక్ (నమూనా) కేటాయింపు చూపించి, ఆప్షన్లు దిద్దుకునే అవకాశం ఇచ్చారు. అలాంటిది ఉన్నప్పుడు ఫలితం చూసి మురిసిపోయి ఊరుకోకుండా, వరసను మళ్లీ ఒకసారి పైనుంచి చదవండి.

ప్రశ్న: మొదటి విడతలో ఐటీ సీటు వచ్చింది, ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆన్‌లైన్‌లో సీటు ఖాయం చేసుకోవడం) కూడా చేశాను. రెండో విడతలో ఊరికే చూద్దామని నాలుగు ఆప్షన్లు పెడితే పాత సీటు పోయి దూరపు కాలేజీ వచ్చింది. పాతది మళ్లీ ఇవ్వరా?
— ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: ఇవ్వరు. రెండో విడతలో కొత్త సీటు కేటాయించిన క్షణంలోనే పాతది తర్వాతి ర్యాంకువారికి వెళ్లిపోతుంది. ఉన్న సీటుతో తృప్తి ఉంటే ఆ విడతలో ఆప్షన్ల జోలికే వెళ్లకూడదు. వెళ్తే, చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మేలైనవే పెట్టాలి. అవి రెండే ఉంటే రెండే పెట్టండి. ఏవీ రాకపోతే పాత సీటు చెక్కుచెదరదు.

ఇక్కడే మరో చిక్కుంది. సీటు రానివాళ్లు మొదటి విడత ఆప్షన్లే కొనసాగుతాయనుకుని ఊరుకుంటారు. ఈఏపీసెట్‌లో విడత మారితే పాత జాబితా లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఐఐటీ, ఎన్ఐటీల జోసా కౌన్సెలింగ్ దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఒకసారి లాక్ అయిన జాబితాయే అన్ని రౌండ్లకూ. సీటు వచ్చాక "ఫ్రీజ్" అంటే ఇదే చాలు అని, "స్లైడ్" అంటే ఇదే సంస్థలో పై బ్రాంచి కావాలని, "ఫ్లోట్" అంటే జాబితాలో పైనున్న ఏదైనా సరే అని.

ప్రశ్న: నెట్ సెంటర్‌లో ఒక కాలేజీ పీఆర్వో "మీకెందుకు శ్రమ" అంటూ మా అబ్బాయి ఆప్షన్లు పెట్టించాడు. జాబితా నిండా ఆ కాలేజీ బ్రాంచీలే ఉన్నాయని తర్వాత తెలిసింది.
— ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: దీనికి మందు రిజిస్ట్రేషన్ రోజునే ఉంది. దరఖాస్తులో మీ ఇంటి ఫోన్ నంబరే ఉండాలి. చాలామంది సెంటర్ ఆయన నంబరు ఇచ్చేస్తారు, ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది. పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసిందనిపిస్తే వెంటనే మార్చండి. ఇరవై ఆప్షన్లకోసారి సేవ్ చేయండి. గడువు ముగిసే రోజు సాయంత్రం మరోసారి లాగిన్ అయి, ప్రింటు తీసి, నోటుబుక్కుతో వరసగా పోల్చుకోండి. అది ఒక గంట పని.

ప్రశ్న: మాది విజయవాడ. అబ్బాయి పదో తరగతి దాకా ఇక్కడే చదివాడు, ఇంటర్ హైదరాబాద్‌లో. తెలంగాణలో కన్వీనర్ సీటుకు (కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటుకు) స్థానికుడు కాదన్నారు. రెండేళ్లు అక్కడే చదివాడు కదా?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: రెండేళ్లు చాలవు. ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా, ఒకే స్థానిక ప్రాంతంలో చదివి ఉండాలి. అలా లేకపోతే ఆఖరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూస్తారు. మీవాడు ఐదేళ్లు విజయవాడలో, రెండేళ్లు హైదరాబాద్‌లో. కాబట్టి విజయవాడ ఉన్న స్థానిక ప్రాంతానికి, అంటే ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతానికి స్థానికుడు. రాష్ట్ర విభజన చట్టం ప్రకారం పదేళ్లు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024తో ముగిసింది. 2025 నుంచి తెలంగాణలో స్థానికులకు 85 శాతం పోగా మిగతా 15 శాతం సీట్ల దారి కూడా పొరుగు రాష్ట్రంవారికి మూసుకుపోయింది.

ఎన్ఐటీల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ సొంత రాష్ట్రం అంటే ఇంటర్ పాసైన రాష్ట్రం. అంటే మీవాడికి వరంగల్ ఎన్ఐటీ సొంత రాష్ట్రపుది, తాడేపల్లిగూడెంలోని ఏపీ ఎన్ఐటీ పరాయిది. ఇంటర్ కాలేజీ మార్చేముందు ఈ రెండు లెక్కలూ చూసుకునే ఇళ్లు తక్కువ.

ప్రశ్న: మీసేవలో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ జోసాలో చెల్లలేదు. ఎందుకు?
— ఒక విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: వాళ్లడిగేది కేంద్రం నమూనాలో ఉన్న ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదనే) సర్టిఫికెట్, అదీ ఆ ఏడు ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినది. రాష్ట్ర బీసీ పత్రం దానికి బదులు కాదు. అసలు మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూడండి, రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి. ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదల) పత్రానికీ జోసాలో అదే తేదీ. తహసీల్దార్ ఆఫీసులో రోజులు పడుతుంది, కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టాలి. తెలంగాణ ఈఏపీసెట్‌కు ఆదాయ పత్రం ఆ ఏడు జనవరి 1 తర్వాతది ఉండాలి. నిరుటిది బీరువాలో ఉంది కదా అని ధీమాగా ఉండి, వెరిఫికేషన్ రోజున హెల్ప్‌లైన్ కేంద్రం దగ్గర నిలబడి ఫోన్లు చేసేవాళ్లు ఏటా కనిపిస్తారు.

ప్రశ్న: ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందని చేర్పించాం. ఇప్పుడు ఏడాదికి 65 వేలు కట్టమంటున్నారు.
— ఒక తండ్రి, మహబూబ్‌నగర్

జవాబు: తెలంగాణలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన) విద్యార్థులకు ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు. ఆపైన సాధారణంగా ఏడాదికి 35,000 దాకానే ఇస్తారు. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65 వేలు మీరే కట్టాలి, నాలుగేళ్లకు 2,60,000. నోటుబుక్కులో ఫీజు గడి ఉంచమన్నది ఇందుకే. స్పాట్ అడ్మిషన్‌లో (విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లలో) చేరితే ఆ 35 వేలూ రావు.