ఏ రికార్డింగ్ గొప్పదని అడిగిన తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ (ఆర్కెస్ట్రా అనే పెద్ద వాయిద్య బృందం కోసం రాసిన కృతి), అందరూ 'పాథెటిక్' అని పిలుచుకునేది, దాని రికార్డింగులు పది పన్నెండు విని, ఒక్కోదానికీ మార్కులు వేసి, చివరికి ఒకదాన్ని నెగ్గించావు. అంత ఓపిగ్గా విన్నందుకు ముందు నిన్ను మెచ్చుకోవాలి. కానీ చదవడం అయ్యాక నాకు కండక్టర్ల, అంటే ఆర్కెస్ట్రాని నడిపించేవాళ్ల, పేర్లు గుర్తున్నాయి తప్ప, ఒక్కరి సంగీతమూ చెవిన పడలేదు. 'హృదయాన్ని పిండేసింది', 'మంత్రముగ్ధుల్ని చేసింది', 'అద్భుతం' అన్న మాటలు ముగ్గురు నలుగురికి వాడావు. ఒకరి మాట తీసి ఇంకొకరికి తగిలించినా వ్యాసంలో ఏమీ మారదు.

నేను చెప్పేది ఒక్కటే. సింఫనీ మొత్తాన్ని పోల్చకు. రెండు మూడు చోట్లు పట్టుకో. అక్కడ ఎవరు ఏం చేశారో రాయి.

మన కచేరీల్లో ఒకే కీర్తన ఇద్దరు విద్వాంసులు పాడితే సంగతులు వేరుగా ఉంటాయి, నెరవు వేరు, స్వరకల్పన వేరు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. సింఫనీలో ఆ వీలు లేదు. స్వరాలన్నీ 1893లోనే కాగితం మీదికి ఎక్కిపోయాయి. కండక్టర్ చేతిలో ఉన్నవి వేగం, గట్టిదనం, ఏ వాయిద్యం పైకి వినపడాలి, ఏది వెనక ఉండాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి. ఇంతే. కాబట్టి నువ్వు రాయాల్సింది కూడా వీటి గురించే. స్కోరు, అంటే స్వరాలన్నీ రాసిన ఆ కాగితం, ఐఎమ్‌ఎస్‌ఎల్‌పి అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పూర్తిగా చదవడం రాకపోయినా ఫర్వాలేదు, వేలు పెట్టుకుని వెంట నడవగలిగితే చాలు.

మొదటి చోటు. మొదటి మూవ్‌మెంట్ (సింఫనీలో ఒక్కో భాగాన్ని అలా అంటారు) సగానికి ముందు, ఆ తియ్యని రెండో రాగాలాపన సన్నగిల్లుతూ పోతుంది. క్లారినెట్ ఒక్కటే మిగులుతుంది. ఆఖరి నాలుగు స్వరాలు బసూన్ అనే బొంగురు గొంతు ఊదే వాయిద్యానికి ఇచ్చి, చైకోవ్‌స్కీ దాని కింద 'పి' అనే అక్షరం ఆరుసార్లు రాశాడు. మెల్లగా, అంటే తక్కువ శబ్దంతో, వాయించమనడానికి ఒక 'పి' చాలు, చాలా మెల్లగా అంటే రెండు. ఆరు అంటే వినపడీ వినపడనట్టు. ఆ కింది స్థాయిలో బసూన్ అంత మెల్లగా పలకడం చాలా కష్టం. అందుకని చాలామంది కండక్టర్లు ఆ నాలుగు స్వరాలూ బాస్ క్లారినెట్‌కి ఇస్తారు. ఆ వెంటనే ఆర్కెస్ట్రా మొత్తం ఒక్క దెబ్బతో విరుచుకుపడుతుంది. ఇప్పుడు నీ రికార్డింగులన్నిట్లో ఈ ఒక్క నిమిషమే విను. బసూనా, బాస్ క్లారినెట్టా? ఆఖరి స్వరం తర్వాత కండక్టర్ ఊపిరి తీసుకున్నాడా, తీసుకోకుండానే కొట్టాడా? ఆ దెబ్బలో మొదట వినపడేది డోళ్ళా, ఇత్తడి బాకాలా, తీగలా? ఇవి రాస్తే చదివేవాడు ఆ చోటికి వెళ్లి తనే విని చూస్తాడు. 'ఉత్కంఠభరితం' అని రాస్తే ఎక్కడికీ వెళ్లడు.

ఇది చేసేటప్పుడు శబ్దం స్థాయి ఒక్కటిగా పెట్టుకోవడం మర్చిపోకు. ఒక రికార్డింగు కాస్త గట్టిగా మోగితే మన చెవికి అదే బాగున్నట్టు అనిపిస్తుంది. అందరి చెవులూ అంతే. ఇయర్‌ఫోన్లలో ఆ ఆరు 'పి'ల చోట వాల్యూమ్ పెంచేశావంటే, తర్వాత వచ్చే దెబ్బకి నువ్వు అదిరిపడడంలో కండక్టర్ గొప్పతనం ఏమీ ఉండదు.

రెండో చోటు నాకు ప్రాణం. నాలుగో మూవ్‌మెంట్ మొదలు. అక్కడ తీగల మీద దిగుతూ వచ్చే ఆ ఏడుపు లాంటి పాటని ఎవరూ వాయించరు! మొదటి వయొలిన్లు ఒక స్వరం, రెండో వయొలిన్లు తర్వాతి స్వరం, ఇలా మార్చి మార్చి రాశాడు చైకోవ్‌స్కీ. ఏ బృందం కాగితం చూసినా పాట లేదు, ఎగుడుదిగుడుగా దూకే స్వరాలే ఉంటాయి. రెండూ కలిసినప్పుడే మన చెవిలో పాట తయారవుతుంది. కాసేపటికి అదే పాట మళ్లీ వచ్చినప్పుడు మొదటి వయొలిన్లే పూర్తిగా వాయిస్తాయి. ఎందుకలా రాశాడో నాకు తోచినట్టు చెప్తాను: మొదటిసారి ఆ దుఃఖం ఎవరి సొంతమూ కాదు, రెండోసారి ఒకరి గొంతులోంచి వస్తుంది. నీకు ఇంకోలా తోచవచ్చు. తోచింది రాయి.

ఇక్కడే రికార్డింగుల మధ్య అసలు తేడా తెలుస్తుంది. వయొలిన్లన్నీ ఎడమవైపే కూర్చుంటే రెండు వరసలూ కలిసిపోయి ఒకే పాటలా వినపడతాయి. రష్యన్ కండక్టర్ మ్రావిన్‌స్కీ తన ఆర్కెస్ట్రా లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్‌లో రెండో వయొలిన్లని కుడివైపు కూర్చోబెట్టేవాడు. అప్పుడు స్వరం అటూ ఇటూ దూకుతుంది. 1938లో బెర్లిన్‌లో జర్మన్ కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ చేసిన రికార్డింగులో ఈ సంగతి వెతక్కు. అది ఒక్క ఛానెల్ కాలం, కుడి ఎడమలు విడిగా వినపడవు. పైగా అప్పటి రికార్డు పళ్లెం ఒక వైపుకి నాలుగైదు నిమిషాలే పట్టేది కాబట్టి, మూవ్‌మెంటుని ముక్కలుగా వాయించి రికార్డు చేసేవాళ్ళు. ఆ ముక్కల మధ్య కూడా ఆయన ఊపు తెగలేదన్నది చెప్పుకోదగ్గ విషయం. అది రాయి, స్టీరియోకి పెట్టే పరీక్ష దానికి పెట్టకు.

వేగం సంగతి. ఆఖరి మూవ్‌మెంటు మ్రావిన్‌స్కీ 1960 రికార్డింగులో సుమారు 10 నిమిషాలు. అమెరికన్ కండక్టర్ బెర్న్‌స్టయిన్ 1986లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో చేసినదాంట్లో 17 నిమిషాలు దాటింది. నీ వ్యాసంలో ఈ అంకెలు ఇచ్చి, 'బెర్న్‌స్టయిన్ మరీ సాగదీశాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అంకె ఇస్తే సరిపోదు, ఆ ఏడు నిమిషాలూ ఎక్కడికి పోయాయో చెప్పాలి. స్కోరులో ఆ మొదలుకి నిమిషానికి 54 దెబ్బలు అని వేగం గుర్తు ఉంది. బెర్న్‌స్టయిన్ దానికి దరిదాపుల్లో లేడు. అయినా ఆయన దగ్గర విను: పాటలో ఒక్కో స్వరం విడిగా నిలబడి, తర్వాతిది వస్తుందో రాదో అన్నట్టు ఉంటుంది. హార్న్ అనే ఇత్తడి వాయిద్యం వెడల్పు మూతిని చేత్తో మూసి వాయించే ఆ బొంగురు ధ్వని, నెమ్మదిగా వెళ్లడం వల్ల, ఒళ్ళు గగుర్పొడిచేలా వినపడుతుంది. చివరి దగ్గర జేగంట ఒకే ఒక్కసారి, మెల్లగా మోగుతుంది. అలాగని పోగొట్టుకున్నది లేకపోలేదు. మధ్యలో వచ్చే ఆ ఓదార్పు పాట ఎగసి ఎగసి పడాలి, ఆ వేగంలో ఎగరదు. మ్రావిన్‌స్కీ దగ్గర అది తరుముకొస్తుంది. లాభమూ నష్టమూ రెండూ రాయి. ఇష్టమైన రికార్డింగ్ విషయంలో నష్టం ఇంకా జాగ్రత్తగా రాయి.

నాకు ఇష్టమైనది ఆ మ్రావిన్‌స్కీయే. 1938 నుంచి 1988లో చనిపోయేదాకా ఒకే ఆర్కెస్ట్రాని నడిపిన మనిషి. వియన్నా వచ్చినప్పుడు డాయిచె గ్రామఫోన్ అనే జర్మన్ రికార్డు కంపెనీ వాళ్లు రికార్డు చేశారు. మూడో మూవ్‌మెంట్ కవాతులో ఆ తీగల వేగం, శుభ్రత చూస్తే అన్నేళ్ల సాధన తెలిసిపోతుంది. నష్టం ఏమిటంటే ఇత్తడి వాయిద్యాల గొంతు పదునుగా, హార్న్ కాస్త వణుకుతూ ఉంటుంది. కొత్తగా వినేవాళ్లకి అది ఇబ్బందే. నాకు ఆ పదును లేకపోతే ఈ సింఫనీ సగమే.

రెండో మూవ్‌మెంట్ గురించి నువ్వు 'వింతైన అయిదు మాత్రల తాళం' అని రాశావు. ఎవరికి వింత? పడమటి శ్రోతలకి మూడు మాత్రల వాల్ట్జ్ నాట్యం అలవాటు కాబట్టి వాళ్ళకి అది కుంటినట్టు ఉండొచ్చు. మనం ఖండచాపులో పుట్టి పెరిగాం. రెండు, మూడు, రెండు, మూడు అని మన చెయ్యి దానంతట అదే వేసుకుంటుంది. ఏ కండక్టర్ ఆ రెండు, మూడు విభజన నొక్కి చూపించాడు, ఎవరు జారవిడిచారు అన్నది నీకు వాళ్ళకంటే బాగా తెలియాలి. ఇది నీ చేతిలో ఉన్న బలం, వాడుకో. కానీ ఈ సింఫనీ స్వరస్థాయి బి మైనర్‌ని నఠభైరవి అని రాయడం మాత్రం తీసెయ్. స్వరాల వరుస వరకూ పోలిక ఉంది, నిజమే. కానీ ఈ సంగీతం స్వరాల గుత్తులతో, శ్రుతి మారుతూ నడుస్తుంది. రెండు వాక్యాలు దాటేసరికి ఆ పోలిక నిన్ను తప్పుదారి పట్టిస్తుంది.

ఇక చావు గురించి. ఈ సింఫనీని చైకోవ్‌స్కీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1893 అక్టోబర్ 28న తనే నడిపాడు. తొమ్మిది రోజులకి చనిపోయాడు. నవంబర్ 18న నాప్రావ్నిక్ అనే ఇంకో కండక్టర్ నడిపినప్పుడు జనం దాన్ని వేరే చెవులతో విన్నారు. అప్పటినుంచీ 'తన చావు తనే రాసుకున్నాడు' అనే మాట నడుస్తోంది. నీ వ్యాసం మొదటి పేజీ అంతా అదే. తీసెయ్. చావు ప్రస్తావన కావాలంటే స్వరాల్లోనే ఉంది: మొదటి మూవ్‌మెంట్ మధ్యలో ఇత్తడి వాయిద్యాలు రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో పోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన ఒకటి పలుకుతాయి. ఆ గోలలో దాన్ని ఎవరు స్పష్టంగా వినిపించారు, ఎవరు ముంచేశారు? ఇది కూడా నువ్వు పోల్చగలిగిన చోటే.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. పది పన్నెండు వద్దు. మ్రావిన్‌స్కీ, బెర్న్‌స్టయిన్, నీకు నచ్చిన ఇంకొకరు, ముగ్గురు చాలు. మార్కులు కొట్టెయ్. నేను చెప్పిన చోట్లలో రెండు నువ్వు ఎంచుకో, మూడోది పూర్తిగా నీ సొంతంగా వెతుక్కో. మూడో మూవ్‌మెంట్ అయ్యాక, జనం చప్పట్లు కొట్టే ఆ జోరు నుంచి నాలుగోదానిలోకి ఎవరు ఎంత గ్యాప్‌తో వెళ్ళారో చూడు, అక్కడ ఏదైనా దొరకొచ్చు. నాలుగు పేజీలు మించకుండా రాసి ఈ నెలాఖరుకల్లా పంపు. మొదటి రెండు పేజీలు నేను పెన్ను పట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య