గ్యారంటీ అని అమ్మిన నిజాం రూపాయి పాలిష్ చేసినదైతే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. పాత నాణేలు సేకరిస్తుంటాను. నెల క్రితం ముంబైలోని ఒక వ్యాపారి వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూసి హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) 1337 నాటి చార్మినార్ రూపాయి 22 వేలకు కొన్నాను. బిల్లు మీద ‘అన్‌సర్క్యులేటెడ్, గ్యారంటీ’ అని రాశాడు. చేతికొచ్చాక చూస్తే పాలిష్ పట్టినట్టుంది. అడిగితే ‘గ్రేడ్ అనేది ఎవరి అభిప్రాయం వాళ్లది, రిటర్న్ లేదు’ అంటున్నాడు. అమెరికా కంపెనీకి పంపి గ్రేడ్ చేయించమని మిత్రులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ వ్యాపారి మాటలో సగం నిజముంది. నాణేల గ్రేడింగ్‌కు, అంటే నాణెం ఎంత బాగా నిలిచిందో స్థాయి చెప్పడానికి, 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ మొదలుపెట్టిన 1 నుంచి 70 దాకా అంకెల పద్ధతే ఇప్పటికీ ఆధారం. నాణెం గ్రేడ్ ‘వెరీ ఫైన్’ అనాలా, దాని పైమెట్టు ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’ అనాలా అన్న దగ్గర ఇద్దరు అనుభవజ్ఞులకే మాట కలవదు. ఆ తేడా మీద కేసు వేస్తానంటే నేనే వద్దంటాను. మీ సంగతి వేరు. అన్‌సర్క్యులేటెడ్ అంటే చేతులు మారి అరగని నాణెం, ఆ అంకెల్లో 60, ఆపైన. అరిగిందా లేదా, తోమారా లేదా అనేవి కంటికి కనిపించే విషయాలు.

రూపాయిని అంచులతో పట్టుకుని ఒకే బల్బు కింద నెమ్మదిగా తిప్పండి. టంకశాలలో అచ్చు పడినప్పటి మెరుపు ఉంటే వెలుగు గీతలా నాణెం చుట్టూ తిరుగుతుంది. తోమిన నాణెం మొహమంతా ఒక్కసారే తళుక్కుమంటుంది. భూతద్దంలో ఒకే వైపు సాగిన సన్నని గీతలు కనబడతాయి, అక్షరాల సందుల్లో నల్లటి మురికి మిగిలిపోతుంది. మినార్ల మీద, కమాను అంచున ఎత్తైన చోట్ల రంగు మారి చదునుగా ఉంటే అది అరుగుదల. ‘అచ్చు సరిగా పడలేదంతే’ అని అతను వాదించవచ్చు. అచ్చు బలహీనంగా పడిన చోట మెరుపు మాత్రం చెక్కుచెదరదు. మన ఇళ్లలో లక్ష్మీపూజకు వెండి రూపాయిలను చింతపండుతో తోమే అలవాటు ఉంది కదా, ఇదీ అలా ఏ ఇంట్లోనో తోమించుకుని ఉంటుంది. బహుశా అతనికీ తెలియదు.

తెలియకపోయినా బాధ్యత తప్పదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్‌లో, సరుకు ఫలానా గ్రేడ్‌దని తప్పుగా చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అందులోకే వస్తుంది. ఇప్పటికే నెల గడిచింది కాబట్టి అతనికి వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పార్సిల్ విప్పిన వీడియో ఉంటే భద్రం, వాట్సాప్ చాట్ చెరిపేయకండి. నాణేన్ని మాత్రం తుడవకండి, ‘నువ్వే తోమావు’ అనడానికి అతనికి దారి దొరుకుతుంది.

అతను ముంబైలో ఉన్నా ఫిర్యాదు మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. అయితే మీరు నాణేలు కొని అమ్మే వ్యాపారం చేస్తుంటే చట్టం దృష్టిలో వినియోగదారు కారు, అప్పుడు సివిల్ కోర్టే దిక్కు. పోలీసు కేసుకు మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, ఇక్కడ అది కష్టం.

అమెరికా సలహా మాత్రం పక్కన పెట్టండి. హిజ్రీ 1337 అంటే 1918-19. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, మనంతట మనం దేశం దాటించడం నేరం. ఇక్కడే అనుభవమున్న నాణేల నిపుణుడితో పరీక్ష చేయించి, ఆయన అఫిడవిట్‌ను ఫిర్యాదుకు జత చేయండి.